ఎరిట్రియాలో మత, పత్రికాస్వాతంత్ర్యముల అంతర్జాతీయ పర్యవేక్షణము

ఒక దేశమునందలి ప్రభుత్వము ప్రజల విశ్వాసమునకును వాక్కునకును విధించు నిర్బంధములను ఆ దేశపు ఎల్లలకు వెలుపలనున్న సంస్థలు సాక్ష్యాధారములతో పరిశీలించి, లిఖితరూపమున నిలిపి, లోకమునకు వెల్లడించుటకు అంతర్జాతీయ పర్యవేక్షణమని వ్యవహారము. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము రూపొందిన ఈ వ్యవస్థకు సైన్యము లేదు, తీర్పును అమలుపఱచు అమీనా లేడు, చెఱసాల తాళపుచెవులు లేవు. పర్యవేక్షింపబడు ప్రభుత్వము తలుపు తీయనిచో బయట నిలిచియే పని సాగింపవలసియుండును. ఎఱ్ఱసముద్రపు పశ్చిమతీరమున సూడాను, ఇథియోపియాల ప్రక్కన నెలకొన్న ఎరిట్రియా ఈ వ్యవస్థయొక్క బలమును, బలహీనతను ఒక్కచోటనే పరీక్షకు పెట్టిన దేశము. మతస్వాతంత్ర్యమును, పత్రికాస్వాతంత్ర్యమును వేర్వేరు ప్రకరణములలో చర్చించుట గ్రంథకర్తలకు పరిపాటియైనను, ఎరిట్రియా చరిత్రను అనుసరించి చూచువారికి ఆ విభజన నిలువదని తోచకమానదు. 2001 సెప్టెంబరులో అచ్చట స్వతంత్ర పత్రికలు మూతపడినవి. 2002 మేలో ప్రార్థనామందిరములు మూతపడినవి. నడుమ గడచినది ఎనిమిది నెలలు మాత్రమే. రెండవ వార్తను అచ్చువేయుటకు దేశములో స్వతంత్రమైన ముద్రితపత్రము ఒక్కటియు అప్పటికి మిగిలియుండలేదు.

ఈ పర్యవేక్షణమునకు మూలమైన శాసనము 1948 నాటి విశ్వమానవహక్కుల ప్రకటన. అందలి 18వ అధికరణము మనస్సాక్షికిని, మతమునకును సంబంధించినది. 19వది అభిప్రాయమునకును, దాని వెల్లడికిని సంబంధించినది. 1966లో కుదిరిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికయందును ఈ రెండు హక్కులు అవే సంఖ్యలతో జంటగనే నిలిచినవి. అయితే వానినడుమ ఒక ముఖ్యమైన భేదము కలదు. జాతిజీవనమునకు ముప్పు తెచ్చు అత్యవసర పరిస్థితి ఏర్పడినపుడు ప్రభుత్వము పత్రికలపై తాత్కాలికముగ కొన్ని ఆంక్షలు పెట్టుటకు ఒడంబడిక తావిచ్చుచున్నది; విశ్వాసము విషయమున ఆ సడలింపు లేదు, యుద్ధకాలమందు సైతము 18వ అధికరణమును నిలిపివేయరాదు. ఎరిట్రియా ఈ ఒడంబడికలో చేరినది 2002 జనవరి 22న, అనగా పత్రికలు మూసిన నాలుగు నెలలకు, ప్రార్థనామందిరములు మూయుటకు నాలుగు నెలల ముందు. ఒడంబడికపై సంతకము చేయుట సులభము, దానిని పాటించుట కష్టమని తెలియుటకు ఇంతకంటె స్పష్టమైన తేదీలు వెదకినను దొరకవు.

ఒడంబడికలు కాగితముపై నుండిపోకుండుటకై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకులను నియమించు పద్ధతిని అవలంబించినది. వీరు జీతము పుచ్చుకొను ఉద్యోగులు కారు. ఏ ప్రభుత్వమునకును లోబడక, తమ పేరుమీదనే నివేదిక వ్రాయు నిపుణులు. మతవిషయమునకై 1986లో ఒకరు, అభిప్రాయస్వాతంత్ర్యమునకై 1993లో మఱియొకరు నియమింపబడిరి. ఈ రెండవ పదవిని ప్రథమమున అలంకరించి 2002 వఱకు నిర్వహించినవారు హైదరాబాదులో జన్మించి, అమెరికాలో భారత రాయబారిగ ప్రసిద్ధికెక్కిన ఆబిద్ హుస్సేనుగారు. ఎరిట్రియా పత్రికలు మూతపడిన నాటికి ఆ పదవియందున్నది వారే యనుట తెలుగు పాఠకులు గుర్తుంచుకొనదగిన విషయము.

ఎరిట్రియాకు అంతర్జాతీయ సంస్థలతోడి సంబంధము క్రొత్తది కాదు. ఒకవిధముగ ఆ దేశపు రాజకీయ స్వరూపమే వాని చేతులమీదుగ ఏర్పడినది. 1890 మొదలు ఇటలీకి వలసగను, 1941 మొదలు బ్రిటిషు సైనికపాలనలోను ఉన్న ఆ భూభాగము ఐక్యరాజ్యసమితి తీర్మానము ననుసరించి 1952లో ఇథియోపియాతో సమాఖ్యగ చేర్పబడెను. ఆ సమాఖ్యను ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ 1962లో రద్దుచేసి దేశమును తన రాజ్యమున విలీనము చేసికొన్నపుడు ఐక్యరాజ్యసమితి మౌనము వహించినది. అప్పటికే మొదలైన సాయుధపోరాటము ముప్పదియేండ్లు సాగి 1991లో విజయముతో ముగిసెను. బయటివారి మాటలను నమ్మి మోసపోతిమను భావము ఆ పోరాటములో ఆరితేరిన నాయకులలో లోతుగ నాటుకొన్నది. తరువాతి కాలమున పర్యవేక్షకులపట్ల వారు చూపిన విముఖతకు ఈ అనుభవము ఒక కారణమని ఒప్పుకొనుట న్యాయము. అయినను 1993 ఏప్రిల్ 23 మొదలు 25 వఱకు జరిగిన స్వాతంత్ర్య ప్రజాభిప్రాయసేకరణమును ఐక్యరాజ్యసమితి పరిశీలకులు ఊరూర తిరిగి చూచి, 99.8 శాతము అనుకూలముగ వచ్చిన ఓటును సక్రమమని ధ్రువపఱచిరి. వెలుపలివారి సాక్ష్యము తమకు అవసరమైన ఆ దినములలో తలుపులు బార్లా తెఱచియే యుండినవి.

ప్రజలలో రమారమి సగము క్రైస్తవులు, సగము ముస్లిములు. పీఠభూమిమీది అస్మారా నగరమున ఆర్థడాక్స్ ఆలయము, ఇటాలియనుల కతోలిక ప్రధానాలయము, పెద్ద మసీదు నడచిపోదగినంత దూరములో నిలిచియుండును. యూదుల ప్రార్థనామందిరము సైతము ఆ నగరమునందే కలదు. ముప్పదియేండ్ల యుద్ధములో ఈ రెండు మతములవారును ఒక్క కందకమున నిలిచి పోరాడిరి. మతసామరస్యము తమ జాతికి పుట్టుకతో వచ్చినదని ప్రభుత్వము చెప్పుకొనుట ఉత్తమాట కాదు. అయితే పొరుగువారితో సామరస్యము వేఱు, పాలకులనుండి స్వాతంత్ర్యము వేఱు. మొదటిదానిని చూపి రెండవదాని లోపమును కప్పిపుచ్చుట తగదు.

తొలి దెబ్బ యెహోవా సాక్షులపై పడెను. తమ విశ్వాసము ననుసరించి వారు ప్రజాభిప్రాయసేకరణమున ఓటు వేయలేదు, ఆయుధము పట్టుటకును సమ్మతింపలేదు. 1994 అక్టోబరు 25 నాటి అధ్యక్షుని ఉత్తరువు వారి పౌరసత్వమును తొలగించినది. గుర్తింపుపత్రము లేని మనిషికి ఉద్యోగము, వ్యాపార అనుమతి, ప్రయాణపత్రము అన్నియు మృగ్యములే. అంతకు నెలదినముల ముందే, సెప్టెంబరు 17న, ఆ వర్గమునకు చెందిన ముగ్గురు యువకులు నిర్బంధింపబడిరి. వారిపై ఏ నేరమును మోపబడలేదు, ఏ న్యాయాధిపతి యెదుటను నిలుపబడలేదు. 1995లో వెలువడిన 73వ ప్రకటన మతసంస్థలు రాజకీయములలో జోక్యము చేసికొనరాదనియు, విదేశధనమును యథేచ్ఛగ స్వీకరింపరాదనియు శాసించినది. అదే సంవత్సరము జాతీయసేవాశాసనము స్త్రీపురుషులకు 18 నెలల సేవను విధించినది. ఆ 18 నెలలు కాలక్రమమున అవధిలేని సేవగ మాఱుటయే ఎరిట్రియా యువకులు దేశము విడిచి పోవుటకు ముఖ్యకారణము. తొలివేటు పడినది మిక్కిలి చిన్న సమూహముపై నగుటచే లోకము దానిని అంతగ పట్టించుకొనలేదు.

1996 నాటి 90వ ప్రకటన రేడియోను, టెలివిజనును ప్రభుత్వపరముగనే ఉంచి, ముద్రితపత్రికలు నడుపుటకు మాత్రము ప్రైవేటువారికి అనుమతి నొసగెను. వెంటనే తిగ్రిన్యా భాషలో సెతిత్, త్సిగెనాయ్, కెస్తె దెబెనా, మెకాలెహ్, జెమెన్ మున్నగు పత్రికలు వెలువడసాగెను. వానిని నడిపినవారిలో పలువురు పోరాటమునుండి వచ్చిన యువకులు, కవులు, నాటకకర్తలు. సెతిత్ సహయజమానియైన దావిత్ ఇసాక్ యుద్ధకాలమున స్వీడనునకు శరణార్థిగ పోయి, అచ్చటి పౌరసత్వము పొంది, స్వాతంత్ర్యానంతరము స్వదేశమునకు మరలివచ్చిన రచయిత. 1997 మేలో రాజ్యాంగసభ వాక్స్వాతంత్ర్యమును, మతస్వాతంత్ర్యమును హామీయిచ్చు రాజ్యాంగమును ఆమోదించెను. ఆ రాజ్యాంగము నేటివఱకు అమలులోనికి రాలేదు. 1998లో ఇథియోపియాతో సరిహద్దు యుద్ధము చెలరేగి 2000 డిసెంబరులో ఆల్జీర్సు ఒప్పందముతో ముగిసెను. ఆ యుద్ధనిర్వహణమును ప్రశ్నించుచు, రాజ్యాంగమును అమలుపఱుపుమని కోరుచు, 2001 మేలో అధికారపక్షపు అగ్రనాయకులు 15 మంది బహిరంగలేఖ వ్రాసిరి. వీరు సామాన్యులు కారు. మాజీ మంత్రులు, సేనానాయకులు, అధ్యక్షుడు ఇసయాస్ అఫ్వెర్కితో కలిసి అడవులలో దినములు గడపినవారు. వారి లేఖలను, సంభాషణలను స్వతంత్ర పత్రికలు ప్రకటించినవి.

2001 సెప్టెంబరు 18 ఉదయమున ఆ లేఖ వ్రాసినవారిలో 11 మందిని పట్టుకొనుట మొదలయ్యెను. ఆ దినముననే స్వతంత్ర పత్రికలన్నియు మూసివేయబడినట్లు ప్రభుత్వ రేడియో ప్రకటించెను. న్యూయార్కు నగరముపై దాడి జరిగి అప్పటికి ఒక్క వారమే గడచియుండుటచే లోకపు దృష్టి యంతయు అచ్చటనే నిలిచియుండెను. తరువాతి దినములలో సంపాదకులు ఒకరివెంట నొకరు నిర్బంధింపబడిరి; సెప్టెంబరు 23న దావిత్ ఇసాకును ఇంటినుండి తీసికొనిపోయిరి. జెమెన్ సంపాదకుడును కవియు నగు అమానుయేల్ అస్రాత్, ఛాయాచిత్రకారుడు సెయూమ్ త్సెహాయె, సెతిత్ స్థాపకులలో నొకడగు ఫెస్సెహాయె యోహన్నెస్ మున్నగువారు అదే దారి పట్టిరి. ఈ చర్యలపై ఐరోపా సమాఖ్య తరఫున నిరసన తెలిపిన ఇటలీ రాయబారి కొలది దినములలోనే బహిష్కరింపబడెను. ఆ కాలముననే సరిహద్దున యుద్ధవిరమణను కాపాడుటకై భారతదేశపు సైనికులును చేరియున్న ఐక్యరాజ్యసమితి శాంతిదళము ఎరిట్రియాయందుండెను. నీలిటోపీల సైనికులు అస్మారా వీథులలో తిరుగుచుండగనే పత్రికా కార్యాలయములకు తాళములు పడినవి. వారికి అప్పగింపబడిన పని సరిహద్దును కాచుట. పర్యవేక్షణ మెంత విస్తృతమైనను దాని కన్ను తనకు నిర్దేశింపబడిన దిక్కునకే తిరుగుననుటకు ఇది దృష్టాంతము.

2002 మేలో వెలువడిన ఆజ్ఞ ఆర్థడాక్స్ సంఘము, సున్నీ ఇస్లాము, కతోలిక సంఘము, లూథరన్ సంఘము అను నాలుగింటిని మాత్రము గుర్తించి, తక్కినవన్నియు నమోదు పొందువఱకు ఆరాధన నిలుపవలెనని శాసించెను. సెవెంత్‌డే అడ్వెంటిస్టులు, బహాయీలు, ప్రెస్బిటేరియనులు మున్నగువారు కోరిన వివరములతో దరఖాస్తులు సమర్పించిరి. ఆ దరఖాస్తులకు అనుమతియు రాలేదు, తిరస్కారమును రాలేదు. తిరస్కరించినచో దానిపై అప్పీలు చేయవచ్చును. సమాధానమే యీయని ప్రభుత్వముపై ఎచ్చట అప్పీలు చేయుదురు? దరఖాస్తులో సభ్యుల వివరములు అడుగబడుటవలన, నమోదుకై ప్రయత్నించినవారు తమ సభ్యులను తామే పట్టియిచ్చుదుమేమో యని భయపడవలసివచ్చెను. పెళ్లిపందిళ్లలో, ఇండ్లలో, నలుగురు కూడి ప్రార్థించిన చోటులలో నిర్బంధములు జరిగినట్లు అటుపిమ్మటి నివేదికలన్నియు తెలుపుచున్నవి.

ఇట్లు పట్టుబడినవారిలో పలువురను అస్మారా సమీపమునగల మాయ్ సెర్వా సైనికశిబిరమున ఓడసరకు కంటైనర్లలో ఉంచిరి. కిటికీలేని ఇనుపపెట్టె, పగటియెండకు గోడలు చేయి తాకరానంతగ కాగును, పీఠభూమి రాత్రులలో అవియే గోడలు మంచువలె చల్లబడును, లోపల పడుకొనుటకు చాలినంత స్థలము లేదు, మరుగునకు పోవుటకు తలుపు తీయువఱకు వేచియుండవలెను. భక్తిగీతముల గాయని హెలెన్ బెర్హానె 2004 మే మొదలు 2006 అక్టోబరు వఱకు ఆ శిబిరమున నిర్బంధమందుండెను. ఇకపై క్రైస్తవకార్యములలో పాల్గొననని వ్రాసిన కాగితముపై సంతకము చేసినచో విడిచిపుచ్చుదుమని ఆమెకు చెప్పిరి; ఆమె సంతకము చేయలేదు. బయటికి వచ్చుసరికి నడువలేని స్థితిలోనుండిన ఆమెకు అనంతరము డెన్మార్కు ఆశ్రయమిచ్చెను. తన అనుభవమును ఆమె గ్రంథస్థము చేసినది. నివేదికలలో ఒక పంక్తిగ కనబడు కంటైనరు అను మాటకు అర్థమేమో తెలియుటకు అట్టి సాక్ష్యములే శరణ్యము.

గుర్తింపు పొందిన నాలుగు మతసంస్థలును నిశ్చింతగ నుండినవని తలచుట పొరపాటు. ఆర్థడాక్స్ సంఘపు మూడవ పేట్రియార్కు అబూనె ఆంటోనియోస్ నిర్బంధమందున్న అర్చకులను విడువుమని కోరుచు, సంఘవ్యవహారములలో ప్రభుత్వ జోక్యమును ఎదిరించుటచే 2005లో అధికారములను, 2006 జనవరిలో పీఠమును కోల్పోయెను. ప్రభుత్వానుమతితో 2007 మేలో మఱియొకరు ఆ పీఠముపై కూర్చుండబెట్టబడినను, ఈజిప్టులోని కాప్టిక్ సంఘము ఆ మార్పును అంగీకరింపలేదు. వృద్ధుడైన ఆంటోనియోస్ గృహనిర్బంధముననే దినములు గడపి, 2017 జూలైలో ఒక్కసారి అస్మారా ఆలయమున జనులకు కనబడి, 2022 ఫిబ్రవరి 9న 94 యేండ్ల వయసున మరణించెను. 2017 అక్టోబరులో అస్మారాలోని అల్ దియా ఇస్లామియా పాఠశాలను ప్రభుత్వాధీనము చేయు ప్రయత్నమును ధిక్కరించిన తొంబదియేండ్లకు పైబడిన పాఠశాలాధ్యక్షుడు నిర్బంధింపబడి, మఱుసటి యేడు మార్చిలో చెఱయందే కన్నుమూసెను. 2019 జూనులో కతోలిక సంఘము గ్రామసీమలలో నడుపుచున్న వైద్యశాలలను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. సంస్కరణలు అవసరమని ఆ సంఘపు బిషప్పులు లేఖ వ్రాసిన రెండు నెలలకే ఇది జరిగినది. రోగులున్న పడకలు ఖాళీచేయించి తలుపులకు సీలు వేసినట్లు ఆ సంఘమే ఫిర్యాదు చేసెను. ఈ చర్యకు ఆధారముగ చూపబడినది 1995 నాటి 73వ ప్రకటనయే.

ఇంత జరుగుచుండగ వెలుపలివారు చేసినదేమి? మొదట పేర్కొనదగినది అమెరికా సంయుక్తరాష్ట్రముల చర్య. 1998లో ఆ దేశము చేసిన అంతర్జాతీయ మతస్వాతంత్ర్య శాసనము ననుసరించి, తీవ్రమైన మతహింస జరుగు రాజ్యములను ప్రత్యేక ఆందోళనకు పాత్రమైన దేశములుగ ఏటేట ప్రకటింతురు. 2004 సెప్టెంబరులో ఎరిట్రియా ఆ పట్టికకెక్కెను. 2005లో దానికి ఆయుధవిక్రయము నిషేధింపబడెను. ఆ శాసనము క్రింద క్రొత్తగ విధింపబడిన తొలి ఆంక్ష అదియే. అయితే అదే సంవత్సరము అదే పట్టికలో చేరిన సౌదీ అరేబియాకు 2006లో ఆంక్షలనుండి మినహాయింపు లభించినది. ఒక రాజ్యము మఱియొక రాజ్యమును పర్యవేక్షించునపుడు చమురు, రేవులు, సైనికస్థావరములు త్రాసులో చేరుచుండును; కనుక ఆ పట్టికయందలి వాస్తవములు ఉపయుక్తములైనను, తీర్పు మాత్రము ఆ రాజ్యపు విదేశనీతినుండి విడదీయరానిది.

ఆఫ్రికావారు తమలో తాము చేసిన విచారణము దీనికంటె గౌరవింపదగినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. లండనులోని ఆర్టికల్ 19 అను సంస్థ ఫిర్యాదును పురస్కరించుకొని ఆఫ్రికా మానవ, ప్రజా హక్కుల సంఘము ఇరుపక్షముల వాదములు పరిశీలించి 2007 మేలో నిర్ణయము వెలువరించెను. యుద్ధపరిస్థితిచే ఇట్టి చర్యలు తప్పలేదని ఎరిట్రియా వాదించినది. ఆఫ్రికా హక్కుల పత్రమున అత్యవసర పరిస్థితిని సాకుగ చూపి హక్కులను నిలిపివేయుటకు వీలుకల్పించు నిబంధనయే లేదనియు, పత్రికలను మూయుటయు, సంపాదకులను విచారణలేక నిర్బంధించుటయు ఆ పత్రమునకు విరుద్ధములనియు సంఘము తేల్చి, బందీలను విడుదలచేయుటయో సత్వరమే విచారించుటయో చేయుమని కోరెను. వలసపాలకుల పక్షపాతమని త్రోసిపుచ్చుటకు ఈ నిర్ణయమున అవకాశము లేదు. ప్రభుత్వము దానిని అమలుపఱుపలేదు. 2011 జూలైలో ఐరోపా న్యాయవాదులు దావిత్ ఇసాకును న్యాయస్థానమునందు హాజరుపఱుపుమని ఎరిట్రియా సర్వోన్నత న్యాయస్థానమునకు అర్జీ పంపిరి. దానికిని సమాధానము లేదు.

పాత్రికేయ సంఘముల కృషి మఱియొక విధమైనది. న్యూయార్కు నగరమున 1981లో స్థాపింపబడిన పాత్రికేయ రక్షణ సమితి ఏటా డిసెంబరు 1 నాటికి చెఱలోనున్న విలేఖరుల పేరు, పత్రిక, పట్టుబడిన తేదీ వరుసగ ప్రకటించును. అందులో ఎరిట్రియా శీర్షిక క్రింద 2001 నాటి పేర్లు యేటేట మరల మరల అచ్చగుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశపు బందీల సంఖ్య 16గ నిలిచియున్నది. చెఱలోనే కొందఱు మరణించిరని వార్తలు వచ్చినను, ధ్రువీకరింపజాలని మరణమును నమోదుచేయుటకు ఆ సమితి వెనుదీయుచున్నది. బ్రతికియున్నారని చెప్పుటకును ఆధారము లేదు. ప్రభుత్వము ఒక్క మాట చెప్పిన తీరిపోవు సంశయమిది, కుటుంబములు ఇరువదియేండ్లకు పైగ దానిని మోయుచున్నవి. 2005 నవంబరు 19న దావిత్ ఇసాకును విడిచి, రెండు దినములకే మరల నిర్బంధించిరి. ఆయనకు విచారణయును జరుగదు, విడుదలయును లేదని 2009లో అధ్యక్షుడు స్వీడిషు టెలివిజనుతో చెప్పెను. 2017లో యునెస్కో పత్రికాస్వాతంత్ర్య బహుమానము ఆయనకు ప్రదానము కాగ, ఆయన కుమార్తె దానిని స్వీకరించెను.

పారిసులోని రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2002 నుండి దేశములకు పత్రికాస్వాతంత్ర్యమున స్థానములు నిర్ణయించుచున్నది. 2007 మొదలు 2016 వఱకు ఎరిట్రియాది చివరి స్థానము. 2017లో ఉత్తర కొరియా దానిక్రిందికి దిగెను. 2024లోను, 2025లోను 180 దేశములలో మరల ఎరిట్రియాయే చివర నిలిచినది. ఈ స్థానములు మాఱిన సంవత్సరములలో అస్మారాలో ఒక్క స్వతంత్ర పత్రికయైనను వెలువడలేదు, ఒక్క సంపాదకుడైనను విడుదల కాలేదు. మాఱినది పట్టికయే. సంఖ్యలు పాఠకుని దృష్టిని ఆకర్షించుటకు ఉపకరించుననుట నిజము. కాని పేర్లు, తేదీలు గల పట్టికకున్న విలువ అంకెల వరుసకు రాదు. అదే సంస్థ ప్రవాస ఎరిట్రియా పాత్రికేయులకు తోడ్పడి 2009లో పారిసునుండి రేడియో ఎరెనా అను ప్రసారమును ప్రారంభించుట దాని పట్టికకంటె ఎన్నో రెట్లు ఫలవంతమైన కార్యము. దేశములో ప్రజలకు లభించునవి ప్రభుత్వదినపత్రిక హద్దాస్ ఎర్త్రా, ప్రభుత్వ టెలివిజను, ప్రభుత్వ రేడియో దిమ్త్సి హఫాష్. ఈ ఉపగ్రహప్రసారము వారికి వేఱొక గొంతు వినిపించుచున్నది.

ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి 2012లో ఎరిట్రియాకు ప్రత్యేక నివేదకురాలిగ మారిషసుకు చెందిన న్యాయవాది షీలా కీతరూతును నియమించెను. దేశప్రవేశమునకు అనుమతి లభింపకపోవుటచే ఆమె పొరుగుదేశములలో శరణార్థులను కలిసికొని వివరములు సేకరించెను. 2014 జూనులో ఆస్ట్రేలియాకు చెందిన మైక్ స్మిత్ అధ్యక్షుడుగను, ఘనాకు చెందిన విక్టర్ డాంక్వా, కీతరూతు సభ్యులుగను విచారణసంఘ మేర్పడెను. ఆ సంఘము వివిధ దేశములలో 550 మందిని రహస్యముగ ప్రశ్నించి, 160 లిఖిత వాఙ్మూలములు స్వీకరించి, 2015లో సుమారు 500 పుటల సవివర నివేదిక ప్రకటించెను.

ఇట్టి సంఘముల పనితీరు సామాన్యముగ పాఠకులకు తెలియదు కనుక కొంత వివరింపవలెను. సాక్షులు పలువురు తమ ఇంటివారు ఇంకను దేశములోనే యుండుటచే పేరు చెప్పుటకు వెఱతురు; అందుచే పేరును, ఊరును మఱుగుపఱచియే వాఙ్మూలము వ్రాసికొందురు. ఒక్కని మాటను ఆధారము చేసికొనక, ఒండొరుల నెఱుగని సాక్షులు అదే చెఱసాలను, అదే గదిని, అదే శిక్షను వర్ణించినపుడే దానిని స్వీకరింతురు. బందీని బోర్ల పరుండబెట్టి చేతులను, కాళ్లను వెనుకకు కలిపి కట్టి ఎండలో విడుచు శిక్షకు అచ్చటి చెఱసాలలలో హెలికాప్టరని పేరు. 2004లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వర్ణించిన ఈ శిక్షనే పదునొకండేండ్ల తరువాత వేఱు సాక్షులు విచారణసంఘమునకు వర్ణించిరి. నేరనిర్ధారణకు న్యాయస్థానములు కోరునంతటి రుజువు ఇది కాదు. నమ్ముటకు సహేతుకమైన ఆధారములు కలవని మాత్రమే సంఘము చెప్పును, అంతకుమించి చెప్పదు. 2016 నివేదికయందు ఈ ప్రమాణము ననుసరించియే 1991 మొదలు ఎరిట్రియాలో మానవజాతిపట్ల నేరములు జరిగినవనియు, మతకారణముగ జరిగిన హింస వానిలో నొకటియనియు నిర్ణయించి, ఈ విషయమును భద్రతామండలి అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానమునకు నివేదింపవలెనని కోరెను. భద్రతామండలి ఆ పని చేయలేదు.

ఎరిట్రియా ప్రభుత్వపు ప్రత్యుత్తరమును కూడ ఇచ్చట చెప్పవలెను. దేశములోనికి అడుగుపెట్టక, ఆశ్రయము కోరి అతిశయోక్తులు పలుకు శరణార్థుల మాటలతో అల్లిన నివేదిక యిదియని దాని వాదము. సరిహద్దు నిర్ణయసంఘపు తీర్పు తమకు అనుకూలముగ వచ్చినను ఇథియోపియా సైన్యము భూమిని విడువలేదనియు, దానినిగూర్చి మాటలాడని లోకము 2009లో భద్రతామండలి ద్వారా తమపైననే ఆంక్షలు విధించినదనియు అది ఆక్షేపించెను. ప్రవాసులైన ఎరిట్రియనులనుండి నలువదివేలకు పైగ లేఖలు, అత్యధికభాగము ప్రభుత్వమునకు అనుకూలముగ, విచారణసంఘమునకు చేరెను. 2016 జూనులో జెనీవా వీథులలో వేలమంది నివేదికకు వ్యతిరేకముగ ఊరేగిరి. ఆంక్షల విషయమున వారి ఆవేదన త్రోసిపుచ్చరానిది. కాని శరణార్థులను మాత్రమే ప్రశ్నించిరను ఆక్షేపణకు విరుగుడు ప్రభుత్వము చేతిలోనే కలదు. దేశప్రవేశమునకు అనుమతియిచ్చి, బందీలను న్యాయస్థానమున నిలిపినచో ఆ ఆక్షేపణ తనంతట తానే తొలగిపోవును. పదునైదేండ్లు విచారణలేక చెఱలోనున్న మనిషి స్థితిని తెలియుటకు పారిపోయి వచ్చిన కావలివానిని ప్రశ్నింపక మఱియెవరిని ప్రశ్నింపవలెను?

2018 జూలైలో ఇథియోపియాతో సంధి కుదిరి, నవంబరులో భద్రతామండలి ఆంక్షలు తొలగిపోవుటతో నిర్బంధములకు చూపబడుచుండిన కారణము కూడ తొలగెను. బందీలకు విముక్తి కలుగునని పలువురు ఆశించిరి. మఱుసటి యేడే కతోలిక వైద్యశాలలకు తాళములు పడెను. 2019లో ఎరిట్రియా మానవహక్కుల మండలిలో సభ్యత్వము పొంది, 2024 చివరివఱకు ఆ స్థానమున కొనసాగెను. ఆఫ్రికా దేశములు పోటీలేని జాబితా సమర్పించుటచే అది సాధ్యమయ్యెను. పర్యవేక్షకులను రానీయని రాజ్యము పర్యవేక్షకుల సభలో కూర్చుండుట ఆ సభ గౌరవమునకు భంగకరము. అదే 2019 మార్చిలో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను కాపాడు కమిటీ, ఎరిట్రియా సమర్పింపవలసిన తొలి నివేదిక రాకయే, ఆ దేశపు స్థితిని సమీక్షించెను. 2020 డిసెంబరు 4న యెహోవా సాక్షులలో 28 మంది విడుదలైరి. 1994 సెప్టెంబరునందు పట్టుబడిన ముగ్గురును వారిలోనుండిరి, వారికి చెఱలో 26 యేండ్లు గడచినవి. విడుదలకు కారణమేమో ప్రభుత్వము చెప్పలేదు. ప్రతియేటి నివేదికలలో వారి పేర్లు తప్పక నిలిచియుండుట అందుకు తోడ్పడెనని ఆ విషయము నెఱిగినవారు నమ్ముదురు, ఈ వ్యాసకర్తయు నమ్మును. ఆ వర్గమువారు పోగొట్టుకొనిన పౌరసత్వము మాత్రము తిరిగి రాలేదు. అటుపిమ్మట క్రొత్త నిర్బంధములును జరిగినవి.

ప్రత్యేక నివేదకుని పదవియే రద్దుకావలెనని ఎరిట్రియా 2025 జూలైలో మానవహక్కుల మండలియందు తీర్మానము ప్రవేశపెట్టెను. దానికి అనుకూలముగ 4, వ్యతిరేకముగ 25 ఓట్లు రాగ, 18 దేశములు తటస్థముగ నుండెను. ఓడిన ఆ తీర్మానము నెగ్గినచో, తమ దేశముపై నియమింపబడిన నివేదకులను తొలగించుకొనుటకు ఇతర ప్రభుత్వములును అదే త్రోవ పట్టెడివి. పదవి మఱియొక సంవత్సరము పొడిగింపబడినది. కీతరూతు, ఆమె తరువాత డానియెలా క్రావెట్జ్, 2020 నుండి సూడాను దేశీయుడగు మొహమ్మద్ అబ్దెల్సలాం బాబికర్ ఆ పదవిని వరుసగ నిర్వహించిరి; వీరిలో ఏ ఒక్కరికిని ఎరిట్రియాలో అడుగుపెట్టుటకు అనుమతి లభింపలేదు.